చుక్క కారదు, ఇంజన్ ఆగిపోతుంది: బోటు పెట్రోలు పైపుకి సరైన ఫిట్టింగులు

ప్రశ్న: మాది ఉప్పాడ. నాన్న, నేను ఫైబర్ బోటు మీద వేటకెళ్తాం. ఇంజన్ 9.9 హెచ్‌పీ అవుట్‌బోర్డు (బోటు వెనక తగిలించేది), పెట్రోలుది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. వేట నిషేధం రోజుల్లో బోటు ఒడ్డున ఎండలోనే ఉండిపోయి, ట్యాంకు నుంచి ఇంజన్‌కి వచ్చే పైపు పగుళ్లిచ్చింది. కాకినాడ వెళ్లి 8 ఎంఎం పైపు, ట్యాంకు మీద బిగించే పావించి ఇత్తడి ఫిట్టింగు, క్లిప్పులు తెచ్చి మేమే మార్చుకున్నాం. మధ్యలో ఉండే, చేత్తో నొక్కి పెట్రోలు ఎక్కించే రబ్బరు బల్బు, ఇంజన్ దగ్గరి కనెక్టర్ పాతవే. ఇప్పుడు ఇంజన్ ఒక్క లాగుకే స్టార్టవుతుంది గానీ ఐదారు నిమిషాలకి దగ్గి ఆగిపోతోంది. బల్బు మెత్తబడి ఉంటుంది. దాన్ని నొక్కితే మళ్లీ నడుస్తుంది. ఎక్కడా చుక్క కారడం లేదు. ఒక మెకానిక్ కార్బొరేటర్ విప్పాలంటాడు, ఇంకొకాయన పంపు పోయిందంటాడు. మేం తెచ్చిన ఫిట్టింగులు సరైనవో కాదో ఎలా తెలుసుకోవాలి? సరైనవి ఎక్కడ దొరుకుతాయి?

సమాధానం: మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చిన మాట "ఎక్కడా చుక్క కారడం లేదు" అన్నది. లీకు లేదనడానికి మీరు దాన్ని సాక్ష్యంగా చూపించారు. అవుట్‌బోర్డు పైపు విషయంలో అది సాక్ష్యం కాదు. పైగా ట్యాంకు వైపు జాయింటే వదులుగా ఉంటే అచ్చం ఇలాగే జరుగుతుంది.

ఎందుకంటే, మీ ట్యాంకు కింద ఉంటుంది, ఇంజన్ పైన ఉంటుంది. పెట్రోలు దానంతటదే పైకి వెళ్లదు, ఇంజన్‌లో ఉన్న చిన్న డయాఫ్రం పంపు దాన్ని పీల్చుకుంటుంది. కొబ్బరిబోండంలో వేసిన స్ట్రాకి పైన చిన్న చిల్లు పడితే ఏమవుతుంది? నీళ్లు బయటికి కారవు, మీ నోట్లోకి గాలి వస్తుంది. ఇక్కడా అంతే. ఇంజన్ నడుస్తున్నంతసేపూ పైపులో ఉన్నది పీల్పు, ఒత్తిడి కాదు. జాయింటు వదులైతే పెట్రోలు బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది.

"మరి బల్బు నొక్కినప్పుడు ఒత్తిడి వస్తుంది కదా, అప్పుడైనా కారాలి కదా" అంటారేమో. బల్బుకి రెండు చివరలా ఒకే దిక్కుకి తెరుచుకునే కవాటాలుంటాయి. నొక్కినప్పుడు ట్యాంకు వైపు కవాటం మూసుకుని పెట్రోలు ఇంజన్ వైపే పోతుంది. అంటే ఒత్తిడి పడేది బల్బుకీ ఇంజన్‌కీ మధ్య ఉన్న భాగం మీద మాత్రమే. బల్బుకీ ట్యాంకుకీ మధ్య ఉన్న భాగం నొక్కినా, వదిలినా, ఇంజన్ నడిచినా ఎప్పుడూ పీల్పులోనే ఉంటుంది. అక్కడ జాయింటు ఎంత చెడ్డగా ఉన్నా చుక్క కారదు. మీరు కొత్తగా బిగించిన ఇత్తడి ఫిట్టింగు సరిగ్గా అక్కడే ఉంది.

అందుకని కార్బొరేటర్ మీద చెయ్యి వెయ్యనివ్వకండి, ఇప్పుడే కాదు. పైపు మార్చకముందు బాగా నడిచిన ఇంజన్ మార్చాక ఆగిపోతోందంటే, ముందు అనుమానించాల్సింది మార్చిన వాటినే. బల్బు మెత్తబడి, నొక్కితే ఇంజన్ లేవడం గాలి పోతున్నదానికి గుర్తు. అదే బల్బు లోపలికి చప్పబడిపోయి ఉంటే కథ వేరు: ట్యాంకు మూత మీది గాలి స్క్రూ తెరవలేదనో, ట్యాంకులో పీల్చే గొట్టం చివరి జల్లెడ పూడుకుపోయిందనో, పాత పైపు లోపలి పొర ఊడి అడ్డం పడిందనో అర్థం. మీది ఆ బాపతు కాదు.

ఒక్క రూపాయి పెట్టకుండా చేసే పరీక్ష ఒకటుంది. మీ ఇంజన్ కంపెనీదే ఉన్న పక్క బోటు వాళ్ల దగ్గర ట్యాంకు, పైపు, బల్బు మొత్తం కలిపి ఓ గంట అడిగి తెచ్చి తగిలించండి. టూ స్ట్రోక్ ఇంజన్ అయితే ఆ ట్యాంకులో ఆయిల్ కలిపే ఉందని ముందు చూసుకోండి. అది నడిచిందా, మీ ఇంజన్ బంగారం, తప్పు మీ లైనులో ఉంది. అలా కుదరకపోతే ట్యాంకు మీద ఇత్తడి ఫిట్టింగు మొదట్లో, త్రెడ్లు కనిపించే చోట, చిక్కటి గ్రీజు దట్టంగా పట్టించి ఇంజన్ నడపండి. ఐదారు నిమిషాలు దాటి నడిస్తే దొంగ దొరికాడు. గ్రీజు పరీక్షకే, మందు కాదు. అలాగే వదిలేసి సముద్రంలోకి పోవద్దు.

ఇక అసలు ప్రశ్న, ఫిట్టింగు సంగతి. "పావించి ఫిట్టింగు ఇవ్వండి" అని మీరు అడిగారు, షాపతను ఇచ్చాడు. అతని తప్పేం లేదు. కానీ పావించి అనగానే కనీసం మూడు వేర్వేరు వస్తువులున్నాయి. పైపు ఎక్కించే ముక్కు సైజు పావించి కావచ్చు. అమెరికా పద్ధతి ఎన్‌పీటీ త్రెడ్డు పావించి కావచ్చు. బ్రిటిష్ పద్ధతి బీఎస్‌పీ త్రెడ్డు పావించి కావచ్చు. తమాషా ఏంటంటే, పావించి త్రెడ్డుని స్కేలు పెట్టి కొలిస్తే పావించి ఎక్కడా రాదు. పావించి ఎన్‌పీటీ బయటి కొలత సుమారు 13.7 మిల్లీమీటర్లు. పావించి బీఎస్‌పీ సుమారు 13.2. ఆ పేరు ఎప్పుడో ఇనప గొట్టం లోపలి సైజుని బట్టి వచ్చింది, అలాగే ఉండిపోయింది.

అర మిల్లీమీటరే కదా తేడా అనుకోకండి. ఎన్‌పీటీకి అంగుళానికి 18 త్రెడ్లు, వాటి కోణం 60 డిగ్రీలు. బీఎస్‌పీకి అంగుళానికి 19, కోణం 55 డిగ్రీలు. ఒకదాంట్లో ఇంకొకటి పెడితే మొదటి ఒకటి రెండు చుట్లు హాయిగా తిరుగుతుంది, కొంచెం వదులుగా అటూ ఇటూ ఆడుతుంది కూడా. తర్వాత ఉన్నట్టుండి బిగుసుకుంటుంది. "బాగా పట్టింది" అనిపిస్తుంది. పట్టింది త్రెడ్డు కాదు, ఒకదాని పళ్లు ఇంకొకదాని పళ్ల మీదెక్కి ఇరుక్కున్నాయి. మధ్యలో మెలికలు తిరిగిన సన్నటి సందు ఉండనే ఉంటుంది. పెట్రోలు కంటే గాలికి అలాంటి సందులో దూరడం చాలా తేలిక.

మన దగ్గర కుళాయి పైపుల దగ్గర్నుంచి హైడ్రాలిక్ షాపుల దాకా ఎక్కువగా దొరికేది బీఎస్‌పీ. అమెరికా పద్ధతిలో తయారైన పోర్టబుల్ ట్యాంకుల మీద, నీళ్లు వేరుచేసే ఫిల్టర్ల తలల మీద ఎక్కువగా ఉండేది ఎన్‌పీటీ. ఈ రెండూ కలిసే చోటే ఇలాంటి గొడవలు వస్తాయి. మీ ట్యాంకు మీదున్నది ఎన్‌పీటీ అయి, మీకు దొరికింది బీఎస్‌పీ అయ్యుంటుందని నా అనుమానం. ఫొటో లేదు కాబట్టి అనుమానమే అంటున్నాను. మీరే తేల్చుకోవచ్చు.

ట్యాంకు మీద పీల్చే గొట్టం ఉన్న తలకాయ మొత్తాన్ని విప్పి తియ్యండి. పెట్రోలు పూర్తిగా వంచేసి, తలకాయని ఆరబెట్టి, సంచిలో వేసుకుని అదే షాపుకి తీసుకెళ్లండి. తీసుకెళ్లాల్సింది పాత ఫిట్టింగు ఒక్కటే కాదు, అది బిగే చోటు కూడా. పాత ఫిట్టింగు త్రెడ్లు అరిగిపోయి అబద్ధం చెప్పచ్చు. లేత్ వర్క్‌షాపులో, మంచి హైడ్రాలిక్ హోస్ షాపులో త్రెడ్ గేజ్ ఉంటుంది: కత్తి పిడిలో బ్లేళ్లు మడిచినట్టుండే చిన్న పనిముట్టు, ఒక్కో బ్లేడు మీద ఒక్కో రకం పళ్లు. వెలుతురుకి ఎదురుగా పట్టుకుని 18 బ్లేడు ఆనిస్తే పళ్ల మధ్య వెలుతురు కనబడకూడదు. ఎన్‌పీటీ త్రెడ్డు మీద 19 బ్లేడు పెడితే మొదటి రెండు మూడు పళ్లు కూర్చుని ఆ తర్వాత జరిగిపోవడం కళ్లారా కనిపిస్తుంది. వెర్నియర్‌తో కొలిచి తేల్చేద్దామంటే జాగ్రత్త. ఇవి చివరికి సన్నబడుతూ పోయే త్రెడ్లు, ఎక్కడ కొలిచామన్న దాన్ని బట్టి అంకె మారుతుంది.

గేజ్ లేకపోతే చేతి వేళ్లే గేజ్. సరైన ఫిట్టింగు వేళ్లతో తిప్పితే మూడు నాలుగు చుట్లు మెత్తగా పోయి, క్రమంగా బిగుసుకోవాలి. ఒక్కసారిగా ఆగకూడదు. ఆ తర్వాత పానాతో రెండు చుట్లు చాలు. ఈ సన్నబడే త్రెడ్డు మేకులా పనిచేస్తుంది. ప్లాస్టిక్ తలకాయలో బలం కొద్దీ బిగిస్తే అది చీలుతుంది, చీలిక కంటికి కనబడదు. తప్పు ఫిట్టింగు ఒకసారి బలంగా బిగించేశారు కాబట్టి మీ తలకాయ లోపలి త్రెడ్లు ఇప్పటికే పాడయ్యాయేమో టార్చి వేసి చూడండి. తెల్లటి పొట్టు, విరిగిన గీతలు కనిపిస్తే దాన్నే మార్చండి. సరైన ఫిట్టింగు తెచ్చినా పాడైన త్రెడ్లలో నిలవదు.

ఇక టెఫ్లాన్ టేపు. మీరు రాయలేదు గానీ చుట్టే ఉంటారు, అందరూ చుడతారు. పెట్రోలు లైనులో నాకది అస్సలు నచ్చదు. బిగించేటప్పుడు టేపు చివర తెగి దారపు పోగులా లోపలికి పోతుంది, పోయి పోయి కార్బొరేటర్ జెట్టులో కూర్చుంటుంది. ఆ జెట్టు చిల్లు సూది మొనంత. అప్పుడు నిజంగానే కార్బొరేటర్ విప్పాల్సి వస్తుంది! టేపు బదులు పెట్రోలుకి తట్టుకునే త్రెడ్ సీలెంట్ పేస్టు వాడండి. ట్యూబు మీద ఇంధనానికి పనికొస్తుందని రాసి ఉండాలి. మొదటి త్రెడ్డు ఒకటీ వదిలేసి తర్వాతి వాటికి పల్చగా రాయండి. ఎం-సీల్ సంగతి కూడా అడగబోతారు. పెట్రోలు తడిసిన చోట అది పట్టదు, పట్టినా తలకాయ మళ్లీ విప్పడానికి పనికిరాదు.

పైపు దగ్గరికొద్దాం. 8 ఎంఎం పైపు తెచ్చారు, మంచిదే. ఈ సైజు ఇంజన్లకి సాధారణంగా 6 ఎంఎం గానీ 8 ఎంఎం గానీ ఉంటుంది. కానీ ఆ పైపు ఎక్కే ముక్కులు కూడా 8 అయ్యుండాలి, నాలుగూ: ట్యాంకు దగ్గరిది, బల్బుకి రెండు వైపులా ఉన్నవి, ఇంజన్ కనెక్టర్‌ది. పాత పైపు 6 ఎంఎం అయి, బల్బు ముక్కులు దానికి తగ్గట్టుంటే, 8 పైపు తేలిగ్గా ఎక్కేస్తుంది, క్లిప్పు బిగించి సరిపెట్టేస్తాం. వదులు పైపుని క్లిప్పుతో నొక్కితే అది గుండ్రంగా ముడుచుకోదు, ఓ చోట మడత పడుతుంది. ఆ మడత గాలికి దారి. పైపు ముక్కు మీదికి కొంచెం కష్టపడి ఎక్కాలి. వేడినీళ్లలో చివర ముంచి ఎక్కించండి, లేదా ఒక చుక్క ఇంజన్ ఆయిల్ రాయండి. లైటర్‌తో వేడిచేయడం కొందరికి అలవాటు. పెట్రోలు ట్యాంకు పక్కన ఆ పని గురించి నేను వేరే చెప్పక్కర్లేదు.

అంగుళాల సైజులు, మిల్లీమీటర్ల సైజులు కలిపేటప్పుడు ఓ చిన్న లెక్క గుర్తుంచుకోండి. 5/16 అంగుళం అంటే 7.9 మిల్లీమీటర్లు, కాబట్టి 8 ఎంఎం పైపుతో ఇబ్బంది లేదు. పావించి అంటే 6.35, దాని మీద 6 ఎంఎం పైపు బిగువుగా కూర్చుంటుంది, ఇంకా మంచిది. 3/8 అంటే 9.5. దాని మీద 10 ఎంఎం పైపు వదులు. పెద్ద ఇంజన్ల వాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

ఏ పైపైనా పనికొస్తుందా అంటే, రాదు. మేస్త్రీలు లెవల్ చూసుకునే తెల్లటి పారదర్శక ట్యూబు కొన్నాళ్లకే పెట్రోలులో గట్టిపడి కర్రలా అయిపోతుంది, ముక్కు దగ్గర పగులుతుంది. వంట గ్యాసు నారింజరంగు పైపుని కూడా కొందరు వాడతారు, కొలత సరిపోతుంది కదా అని. అది గ్యాసు కోసం తయారైంది, పెట్రోలుని పట్టి ఉంచడానికి కాదు. పైపు మీద అచ్చు చదవండి. బోట్లకి చేసిన ఇంధన పైపు మీద ఎస్ఏఈ జె1527 అని గానీ ఐఎస్ఓ 7840, ఐఎస్ఓ 8469 అని గానీ ఉంటుంది. జె1527లో 'ఏ' రకం మంట అంటుకున్నా రెండున్నర నిమిషాలు తట్టుకునేది, డెక్కు కింద మూసి ఉన్న చోట అదే వాడాలి. ఐఎస్ఓ 7840 కూడా అలాంటిదే. మీలాంటి తెరిచిన బోటులో, పోర్టబుల్ ట్యాంకుకి 'బి' రకం చాలు. 'బి1-15' అని కనిపిస్తే కళ్లుమూసుకుని తీసుకోండి. ఆ 15 అంటే పైపు గోడల్లోంచి ఆవిరైపోయే పెట్రోలు చదరపు మీటరుకి రోజుకి 15 గ్రాములు దాటదని. పాత రకాల్లో అది 100, 300 గ్రాముల దాకా ఉండేది. ఏ అచ్చూ లేని నల్ల పైపు ఎంత చవకైనా వద్దు.

ఇప్పుడు బంకులో పోస్తున్న పెట్రోలులో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటోంది. పాతకాలపు రబ్బరుకి ఇది పడదు: లోపలి పొర ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, రేకులుగా ఊడుతుంది. మీ బల్బు పాతదే ఉంచామన్నారు. పైపు పగిలేంత ఎండలో దాంతోపాటే పడి ఉన్న బల్బు ఒక్కటీ బాగుంటుందా? ట్యాంకు ఫిట్టింగు సరిచేశాక దాన్నీ మార్చేయండి. కొత్త బల్బు మీద బాణం గుర్తుంటుంది, అది ఇంజన్ వైపు చూడాలి. నొక్కేటప్పుడు బాణం పైకి ఉండేలా బల్బుని నిలువుగా పట్టుకుంటే లోపలి కవాటాలు బాగా పనిచేస్తాయి, తొందరగా గట్టిపడుతుంది. ఇథనాల్ గాల్లో తేమని కూడా పీల్చుకుంటుంది కాబట్టి, వచ్చే ఏడు ఏప్రిల్ 15న నిషేధం మొదలయ్యే ముందే ట్యాంకు ఖాళీ చేసి, పైపు, బల్బు ఊడదీసి ఇంట్లో నీడన పెట్టుకోండి. జూన్ 14 దాకా, అంటే 61 రోజులు, ఉప్పాడ ఎండలో ఏ రబ్బరూ నిలవదు.

ఇంజన్ దగ్గరి కనెక్టర్‌లో కొలత కంటే కంపెనీ ముఖ్యం. యమహా, సుజుకీ, హోండా, మెర్క్యురీ, ఎవరి కనెక్టర్ వాళ్లది. ఒకే కంపెనీలో కూడా పాత మోడల్‌కీ కొత్తదానికీ, చిన్న ఇంజన్‌కీ పెద్దదానికీ తేడా ఉండచ్చు. కొన్ని దగ్గర దగ్గరగా ఉంటాయి, బలవంతం చేస్తే ఎక్కినట్టే ఉంటాయి కూడా. క్లిక్కుమని కూర్చోకపోతే అది మీది కాదు. సెకండ్ హ్యాండ్ ఇంజన్ అన్నారు కాబట్టి ఇంకో మాట: పైన టోపీ మీదున్న స్టిక్కర్ని నమ్మకండి. టోపీలు మారుతుంటాయి, స్టిక్కర్లు బజార్లో దొరుకుతాయి. బోటుకి బిగించే బ్రాకెట్ మీద చిన్న ప్లేటు ఉంటుంది, మోడల్ నంబరు, సీరియల్ నంబరు దాని మీద ఉంటాయి. ఉప్పు పేరుకుని కనబడకపోతే మంచినీళ్లతో కడిగి, ఫొటో తీసి డీలరుకి పంపండి. ఆ నంబరుతో కంపెనీ పార్టు నంబరు చూసి చెప్పగలుగుతాడు. ట్యాంకు ఒక కంపెనీది, ఇంజన్ ఇంకొకదానిది అయితే రెండు చివరలకీ రెండు రకాల కనెక్టర్లు పడతాయి. సెకండ్ హ్యాండ్‌లో ఇది మామూలే, కంగారు పడక్కర్లేదు.

పాత కనెక్టర్ మొత్తాన్ని పారేయాల్సిన పని లేకపోవచ్చు. లోపల ఓ చిన్న ఓ-రింగు ఉంటుంది. అది చదునుబడిందా, తెగిందా చూడండి. ఇంజన్ నడుస్తుండగా ఇక్కడ కూడా గాలి పీల్చుకుంటుంది, అయితే బల్బు నొక్కినప్పుడు తడి కనబడుతుంది కాబట్టి ఇది కొంచెం నిజాయితీగల లీకు. ఓ-రింగు మారిస్తే నైట్రైల్ రబ్బరుది తీసుకోండి, దొరికితే వైటాన్ రబ్బరుది ఇంకా మంచిది. కుళాయి వాషర్ల షాపులో కొలత సరిపోయిందని తెచ్చిన నల్ల రింగు ఈపీడీఎం అనే రబ్బరుదైతే పెట్రోలులో ఉబ్బి, కనెక్టర్ నుంచి బయటికే రాకుండా పోతుంది.

క్లిప్పుల మీద ఎక్కువ చెప్పను. కట్టుతీగ వద్దు, పైపుని కోస్తుంది. పట్టీ పొడవునా చీలికలున్న మామూలు క్లిప్పు కూడా ఇంత సన్నటి పైపు మీద రబ్బరుని చీలికల్లోకి లాగుతుంది. అంచులు మడిచి, లోపలివైపు నున్నగా ఉండే ఫ్యూయల్ క్లాంపు అడగండి. పట్టీ స్టెయిన్‌లెస్ అయినా దాని స్క్రూ మామూలు ఇనుము అయ్యుండడం ఎక్కువ. జేబులో అయస్కాంతం ముక్క వేసుకెళ్లండి, స్క్రూకి గట్టిగా అతుక్కుంటే ఒక్క సీజనుకే తుప్పు. రెండేసి క్లిప్పులు వేస్తే గట్టి అనుకుంటారు. పొట్టి ముక్కు మీద రెండోది ముక్కు దాటి ఉత్త పైపు మీద పడుతుంది, పడి పైపునే నొక్కేస్తుంది. ఒకటి చాలు, ముక్కు మీది గట్టు దాటాక.

ఎక్కడ దొరుకుతాయంటే, నన్నడిగితే మీరు విడివిడిగా కొనకండి. పైపు, బల్బు, రెండు కనెక్టర్లు బిగించి వచ్చే పూర్తి సెట్టు ఇంజన్ కంపెనీ డీలరు దగ్గర ఉంటుంది. విడిగా కొన్న దానికంటే ధర ఎక్కువ, నిజమే. కానీ అందులో సైజు తప్పే అవకాశం లేదు, మీరు జాయింటు చేయాల్సింది ట్యాంకు దగ్గర ఒక్కటే. చేతిలో లేకపోతే ఆర్డరు పెట్టమనండి. ట్యాంకు త్రెడ్డుకి సరిపోయే ఇత్తడి ముక్కు మాత్రం హైడ్రాలిక్, న్యూమాటిక్ ఫిట్టింగుల షాపుల్లో వెతకాలి. కాకినాడలో దొరక్కపోతే విశాఖ ఆటోనగర్, విజయవాడ ఆటోనగర్ ఉన్నాయి. "పావించి" అనకండి. త్రెడ్డు ఎన్‌పీటీ అని తేలితే "పావించి ఎన్‌పీటీ మేల్, 8 ఎంఎం హోస్ ముక్కు" అనండి. ఎన్‌పీటీ లేదంటే లేత్ మీద చేయించచ్చు, కానీ మీ ట్యాంకు తలకాయ వాళ్ల చేతిలో పెట్టి, దానికి బిగించి చూపించాకే డబ్బులివ్వండి. కొన్ని కంపెనీ ట్యాంకులకి అసలు త్రెడ్డే ఉండదు, జాయింటు స్క్రూలతో కూర్చుని ఉంటుంది. మీది అలాంటిదై, దానికి ఎవరో మధ్యలో త్రెడ్డు కోసి ఉంటే ఆ తలకాయే మార్చడం నయం. జింకు పూత వేసిన నీళ్ల పైపు ముక్కల్ని ఇంధనంలో ఎక్కడా వాడకండి.

డీజిల్ ఇంజన్ బోట్ల వాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక్క మాట. మీకు పైపు చివర గుండ్రటి కన్ను, అందులోంచి దూరే బాంజో బోల్టు ఉంటాయి. ఆ త్రెడ్డు మిల్లీమీటర్లది, సమానంగా ఉండేది, సన్నబడేది కాదు. అక్కడ లీకుని ఆపేది త్రెడ్డు కాదు, రెండు వైపులా ఉండే రాగి వాషర్లు. పేస్టు పూసి లాభం లేదు, విప్పిన ప్రతిసారీ కొత్త వాషర్లు వేయండి.

అన్నీ బిగించాక నేరుగా వేటకి బయల్దేరకండి. బల్బు గట్టిపడేదాకా నొక్కి, బల్బుకీ ఇంజన్‌కీ మధ్య ఉన్న జాయింట్లకి పొడి గుడ్డ ముక్క చుట్టి పది నిమిషాలాగి చూడండి. తర్వాత ఒడ్డు దగ్గరే, అలలు లేని చోట, బోటుని కట్టి ఇంజన్ గేరులో పెట్టి ఓ పావుగంట మంచి స్పీడులో నడపండి. నెమ్మదిగా నడిపితే చిన్న గాలి లీకు బయటపడదు. ఈ పరీక్ష ఎగ్గొట్టాలనిపిస్తుంది, ఎగ్గొట్టకండి. మీది టూ స్ట్రోక్ అయితే పిస్టనుకి అందే ఆయిల్ పెట్రోలుతోనే వస్తుంది. గాలి కలిసి పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గుతుంది, పిస్టను పట్టేస్తుంది. ఇన్నాళ్లూ ఐదారు నిమిషాలకే ఆగిపోతున్నందుకు ఓ రకంగా మంచిదే జరిగింది, అలాగే ఎండుగా గంటల తరబడి నడిచి ఉంటే ఇంజనే పోయేది.

పక్క బోటు ట్యాంకు, పైపు తగిలించినా ఇంజన్ ఇలాగే ఆగిపోతే మాత్రం మీ రెండో మెకానిక్ మాటే నిజమయ్యే అవకాశం ఎక్కువ. అప్పుడు ఆయన్నే పిలిచి పంపు డయాఫ్రం కిట్టు మార్పించండి.